పెద్దాయన సర్వీసు రిజిస్టరు

ఓగిరాల భీమశంకరం గారింట్లో కంప్యూటరుకి పదకొండేళ్ళు నిండాయి. పదకొండేళ్ళంటే మనిషికి ఆరో తరగతి, కంప్యూటరుకి ఆఖరి గతి. అందుకే ఇంటిల్లిపాదీ దాన్ని పెద్దాయన అని పిలిచేవారు.

పొద్దున్నే స్విచ్చి నొక్కితే పెద్దాయన ముందు మూలిగేవాడు, తర్వాత దగ్గేవాడు, ఆ తర్వాత చాలాసేపు ఎవరో గుర్తురానట్టు నల్లగా చూస్తూ ఉండిపోయేవాడు. ఈలోగా భీమశంకరం పళ్ళు తోముకుని, స్నానం చేసి, నాలుగిడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తెర మీద ఒక చక్రం తిరుగుతూ కనపడేది. "విష్ణుచక్రమైనా పని చూసుకుని వెనక్కొస్తుందే, ఇది తిరుగుతూనే ఉంటుందేంటే" అనేవాడు భార్య కనకవల్లితో. వాళ్ళుండే కాకినాడకి పోర్టుకేం లోటు లేదు గానీ, పెద్దాయనకున్న నాలుగు పోర్టుల్లో మూడు ఎప్పుడో మూతబడ్డాయి.

ఇదంతా ఓర్చుకోవచ్చు. కానీ వాళ్ళమ్మాయి సుదేష్ణకి ఓర్చుకునే వ్యవధి లేదు. ఆమె విశాఖపట్నంలో ఆర్కిటెక్చరు ఆఖరి సంవత్సరం చదువుతోంది, ప్రాజెక్టు చెయ్యడానికి ఇంటికొచ్చింది. కాకినాడ హార్బరు దగ్గర ఎండలో కూర్చుని చేపలమ్మే ఆడవాళ్ళకి నీడా, నీళ్ళూ, గాలీ ఉండే బజారొకటి గీస్తోంది. మూడు నెలల పని మొత్తం పెద్దాయన కడుపులో ఉంది. ముప్ఫయ్యో తారీకు సాయంత్రం అయిదింటికల్లా కాలేజీకి పంపకపోతే ఏడాది పోతుంది. ఆమె పొద్దున్న ఒక స్తంభాన్ని పట్టి పక్కకి జరిపితే అది భోజనాల వేళకి జరిగేది.

ఒకరోజు సుదేష్ణ స్క్రూడ్రైవరు పట్టుకుని పెద్దాయన పక్కడొప్ప విప్పింది. లోపల ఫ్యానుకి దుమ్ము పరుపులో దూదిలా పట్టి ఉంది.

"నాన్నా, ర్యామ్ రెండే ఉంది, ఎనిమిది చెయ్యాలి. ఈ హార్డ్ డిస్కు జంతికలు నవుల్తున్నట్టు కరకరమంటోంది, తీసేసి ఎస్.ఎస్.డి. పెట్టించాలి. ప్రాసెసరు మీద పేస్టు ఎండి సున్నంలా అయిపోయింది. నాలుగు వేలిస్తే మస్తాన్ గారు సాయంత్రానికల్లా చేసిచ్చేస్తారు."

మస్తాన్ అంటే మెయిన్ రోడ్డులో కంప్యూటర్ల షాపాయన. పదకొండేళ్ళ కిందట ఒక్కో భాగమూ ఏరి పెద్దాయనని కట్టింది ఆయనే.

భీమశంకరం చెయ్యి జేబు దాకా వెళ్ళింది. అక్కడ కళ్ళజోడు కింద మడతపెట్టిన కాగితం తగిలింది. అది మొన్నే ఆఫీసులో పంచిన సర్క్యులరు.

ఆయన జిల్లా నివేదికల సమన్వయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. మిగతా ఆఫీసులు పంపే నివేదికలన్నిటినీ కలిపి కుట్టి పైకి పంపడం, పైవాళ్ళు వాటిని విప్పి కిందికి పంపితే మళ్ళీ కుట్టడం ఆ ఆఫీసు పని. కొన్నాళ్ళుగా శాఖకి కొత్త ఉత్సాహం పట్టుకుంది. దాని పేరు 'గృహమే కార్యాలయం'. సర్క్యులర్లో ఇలా ఉంది: 'ప్రభుత్వ విధులకు వినియోగపడుచున్న గృహ కంప్యూటర్లకు అవసరమగు భాగములు శాఖయే సమకూర్చును.'

"ఊరికే వస్తుంటే నాలుగు వేలు ఎవరిస్తారమ్మా" అన్నాడు.

"ఊరికే వచ్చింది ఊరుకోదు నాన్నా" అంది సుదేష్ణ.

ఆయన వినలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో శాఖ ఆయనకి ఊరికే ఇచ్చింది ఒక్క క్యాలెండరే. అదీ ఫిబ్రవరిలో.

*

సూపరింటెండెంటు పేరు దైవాధీనం. ఆ ఆఫీసులో ఏ ఫైలు ఎక్కడుందని అడిగినా 'దైవాధీనం' అనే చెప్పేవారు, అది నిజమే అయ్యేది. ఆయన భీమశంకరం అర్జీని రెండు వైపులా చదివాడు. వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే.

"శంకరం గారూ, విడిభాగాల పద్దు మూసేసి మూడేళ్ళయిందండి."

"మరి సర్క్యులర్లో ఇస్తామన్నారు కదండీ."

"ఇస్తామన్నారండి. ఎందులోంచి ఇస్తామో అన్లేదు." దైవాధీనం లావుపాటి పుస్తకం తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది, మొహం వెలిగింది. "వైద్యం పద్దులో ఉందండి. మార్చిలోగా వాడకపోతే వెనక్కెళ్ళిపోద్ది."

"వైద్యం మనుషులక్కదండీ."

"మనుషులకని ఎక్కడా లేదు చూడండి. ఉద్యోగులకని ఉంది."

భీమశంకరం చూశాడు. నిజమే, మనుషులని ఎక్కడా లేదు.

"మీ కంప్యూటరు శాఖ పని చేస్తోందా?"

"శనివారాలు చేస్తోందండి."

"మనలో చాలామంది శనివారం కూడా చెయ్యరు కదండీ. అది ఉద్యోగి కాకపోతే ఇంకెవరు ఉద్యోగి?" అని దైవాధీనం కొత్త సర్వీసు రిజిస్టరు తీసి, కలం విదిలించాడు. "పేరు?"

"పేరేం లేదండి. ఇంట్లో పెద్దాయనంటాం."

"ఓగిరాల పెద్దాయన" అని రాసుకున్నాడు. "తండ్రి?"

"మెయిన్ రోడ్డు మస్తాన్ కట్టాడండి."

"షేక్ మస్తాన్. జాతీయ సమైక్యతకి మంచి పాయింటండి ఇది. తల్లి?"

"మదర్‌బోర్డేనండి."

"స్వస్థలం?"

"మస్తాన్ షాపేనండి. అక్కడే ఊపిరి పోసుకుంది."

"గుర్తింపు మచ్చలు?"

"కుడిపక్క స్టీలు గ్లాసు పడ్డ సొట్ట, నెత్తి మీద దసరా పూజలో అగరొత్తి కాలిన మచ్చ."

వేలిముద్ర దగ్గర కాస్త చిక్కొచ్చింది గానీ, కీబోర్డు మీద ఇంట్లోవాళ్ళందరివీ ఉన్నాయని నమోదు చేసి ముందుకెళ్ళారు. సాయంత్రానికి జిల్లా అధికారి పరిపూర్ణానందం గారు పచ్చసిరాతో సంతకం పెట్టారు. 'పైన ఉదహరించిన పరిస్థితుల దృష్ట్యా, సదరు పెద్దాయనను శాఖాపరముగా ఉద్యోగిగా పరిగణించడమైనది.'

ర్యామ్ వచ్చేసినట్టే అనుకుని భీమశంకరం దారిలో అరకేజీ కాజాలు కొనుక్కెళ్ళాడు.

*

మర్నాడు ర్యామ్ రాలేదు. అటెండరు వచ్చాడు, లక్క, కొవ్వొత్తి, ఉత్తర్వు పట్టుకుని. పెద్దాయన డొప్ప నాలుగు మూలలా లక్కముద్రలు వేశాడు. పనిచేసే ఆ ఒక్క పోర్టుకీ ఒక ముద్ర కొట్టాడు. ఉత్తర్వు గోడకి అంటించాడు.

'ఒకటి. సదరు ఉద్యోగి శరీరమును అనధికార వ్యక్తులు విప్పుట, దులుపుట, తడుముట నిషేధము. రెండు. సదరు ఉద్యోగి పూర్తికాలము ప్రభుత్వమునకు చెందినవాడైనందున ప్రైవేటు పనులు చేయరాదు.'

"ప్రైవేటు పనులంటే?" అంది సుదేష్ణ.

"అంటే నీ చేపల బజారమ్మా" అన్నాడు భీమశంకరం, గోడకేసి చూస్తూ.

"ఇవాళ తొమ్మిదో తారీకు నాన్నా."

"ముట్టుకుంటే నా ఉద్యోగం పోద్దమ్మా. నాలుగేళ్ళుంది ఇంకా."

సుదేష్ణ అంతటితో తండ్రితో మాటలు ఆపేసింది. వంటింట్లోకెళ్ళి కాజాల డబ్బా మూత గట్టిగా పెట్టింది.

భీమశంకరం దైవాధీనం దగ్గరికి పరిగెత్తాడు. కనీసం బొమ్మలైనా పెన్‌డ్రైవులోకి దింపుకోనివ్వమన్నాడు.

"ఉద్యోగి కడుపులోంచి వస్తువు బయటికి తియ్యడాన్ని శస్త్రచికిత్స అంటారండి" అన్నాడు దైవాధీనం నొచ్చుకుంటూ. "మీరూ నేనూ చేసేది కాదు. ఇహ క్యాబినెట్టు తెరవడమంటారా, జిల్లా స్థాయిలో ఏ క్యాబినెట్టునీ తెరిపించగలిగినవాణ్ణి నేను చూళ్ళేదు."

ఆ రోజు నుంచి పెద్దాయనకి హాజరు పట్టీ మొదలైంది. పదిన్నరకి స్విచ్చి నొక్కితే పదకొండుంబావుకి లేస్తున్నాడని మూడు ఆలస్యాలకి ఒక సెలవు కోశారు. పన్నెండో తారీకున పని మధ్యలో హ్యాంగ్ అయ్యాడు. 'విధి నిర్వహణ సమయమున నిద్రించినందుకు మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను' అని మెమో వచ్చింది. పెద్దాయన తరఫున భీమశంకరమే బదులు రాశాడు: 'నిద్ర కాదు, ఆలోచన.' పరిపూర్ణానందం గారు అది చదివి, తానూ భోజనానంతరం అలాగే ఆలోచిస్తుంటానని ఒప్పుకుని మెమో ఉపసంహరించారు.

పదిహేనున తెర నీలంగా మారిపోయి, తెల్ల అక్షరాలతో ఏదో గొణిగి, ఆరిపోయింది. మొహం నీలంగా మారిందని నివేదిక వెళ్ళగానే శాఖ కదిలింది. పద్దెనిమిదిన ఆఫీసు హాల్లో వైద్య మండలి కూర్చుంది. రిటైరైన డాక్టర్లు ముగ్గురు. మదర్‌బోర్డు సంగతి తేల్చడానికి మెడికల్ బోర్డన్నమాట.

భీమశంకరం, సుదేష్ణ కలిసి పెద్దాయనని ఆటోలో తీసుకెళ్ళారు. మొదటి డాక్టరు ఫ్యాను మీద స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"ఆయాసం ఎన్నాళ్ళనుంచి?"

"దుమ్మండి అది" అంది సుదేష్ణ. "ఊదితే పోతుంది."

"మీరు డాక్టరా అమ్మా?"

రెండో డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్షించాడు. రెండే ఉందని సుదేష్ణ చెబితే, "ఈ వయసుకి రెండు మంచిదే, నాకంత లేదు" అన్నాడు. మూడో ఆయన నాడి దొరక్క మౌస్ పట్టుకుని కూర్చున్నాడు.

గంటన్నర చర్చించి తీర్మానం చదివారు. 'ర్యామ్ అను అవయవమును మార్చుట అవయవమార్పిడి కిందకు వచ్చును. దాత దగ్గరి బంధువై ఉండవలెను. అనుమతి కమిటీ మూడు నెలలకొకసారి సమావేశమగును. అంతవరకు ఆయాసమునకు రెండు పూటలా ఆవిరి పట్టవలెను.'

అటెండరు అప్పటికే బక్కెట్టుతో వేణ్ణీళ్ళు తెచ్చేశాడు, దుప్పటి కూడా తెచ్చాడు. సుదేష్ణ పెద్దాయనకీ బక్కెట్టుకీ మధ్య నిలబడి, రెండు చేతులూ చాపి, "నామీంచి పట్టండి ఆవిరి" అంది. డాక్టర్లు ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. రోగి బంధువులు సహకరించలేదని రాసుకుని టీ తాగడానికి వెళ్ళారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పెద్దాయనని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది సుదేష్ణ. దారి పొడుగునా డొప్ప మీది లక్కముద్రలే చూస్తూ ఉంది. ఒక్క హార్బరు రోడ్డు మలుపులో మాత్రం బయటికి చూసింది. అక్కడ ఒకామె చేపల తట్ట ముందు కూర్చుని, చీర కొంగు మడతపెట్టి నెత్తి మీద వేసుకుంటోంది. భీమశంకరమూ అటే చూశాడు, మళ్ళీ తల తిప్పుకున్నాడు.

*

ఇరవై నాలుగో తారీకు దాటింది. ఇంట్లో మాటలు తగ్గాయి, పప్పులో ఉప్పు పెరిగింది.

"కాళ్ళజోడు కుట్టించుకోడానికెళ్ళి కాళ్ళు తాకట్టు పెట్టొచ్చారు" అంది కనకవల్లి, మజ్జిగ పోస్తూ. "అది కూడా మీ కాళ్ళు కాదు. పిల్లవి."

భీమశంకరం మజ్జిగ పోసిన అన్నం కలపకుండా వదిలేశాడు. ఆయనకి కంప్యూటర్లు తెలీవు, ఇళ్ళు గీయడం తెలీదు. ముప్ఫై ఏళ్ళలో నేర్చుకున్నదల్లా నిబంధనలే. కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, పెద్దాయన సర్వీసు రిజిస్టరు నకలు తెరిచాడు. మొదటి పేజీ మొదటి గడి నుంచి వేలు పెట్టి చదవడం మొదలెట్టాడు. నాలుగో గడి దగ్గర వేలు ఆగింది.

మర్నాడు దైవాధీనం బల్ల మీద అర్జీ పెట్టాడు.

"సెలవా? ఎవరికండీ?"

"పెద్దాయనకండి. రెండేళ్ళకోసారి స్వస్థలం వెళ్ళిరావడానికి ఉద్యోగికి వారం రోజుల సెలవుందండి. పదకొండేళ్ళుగా వెళ్ళలేదు."

దైవాధీనం రిజిస్టరు చూశాడు. స్వస్థలం గడిలో తన దస్తూరీలోనే ఉంది: మస్తాన్ కంప్యూటర్స్, మెయిన్ రోడ్డు. లావుపాటి పుస్తకం మొదట్నుంచి చివరిదాకా వెతికాడు. అభ్యంతరం దొరకలేదు. అభ్యంతరం దొరకని రోజు ఆయన సర్వీసులో అదే మొదటిది. బెంగగా పుస్తకం మూశాడు.

"అక్కడేం చేస్తాడండి?"

"తండ్రి దగ్గరుంటాడండి. ఆయన పెట్టింది తింటాడు."

"తండ్రి పెట్టే తిండిని శాఖ అడగదు లెండి" అన్నాడు దైవాధీనం. కలం మూత తీశాడు. "మాది పిఠాపురం దగ్గరేనండి. గంట దారి. నేనెళ్ళి ఆరేళ్ళయింది." అని సెలవు మంజూరు చేశాడు. 'స్వస్థలమందు దుస్తులు మార్చుకొనుటకు వీలుగా ముద్రలు సడలించడమైనది' అని కింద తనే ఒక వాక్యం చేర్చాడు. ఫైలు పరిపూర్ణానందం గారి దగ్గర రెండు రోజులు ఆలోచించుకుని, ఇరవై ఎనిమిది మధ్యాహ్నానికి బయటపడింది.

"ఏం సార్, నాకు కొడుకు పుట్టాడంట కదా, నాకే తెలీదు" అన్నాడు మస్తాన్, లక్క గీకుతూ. "పుట్టగానే పదకొండేళ్ళు, పైగా గవర్నమెంటు ఉద్యోగం. మా ఇంట్లో ఆవిడకేం చెప్పుకోను."

డొప్ప తీసి బ్లోయరు పెట్టాడు. షాపంతా బూడిదరంగు మేఘం లేచింది. దుమ్ములోంచి ఒక జీడిపలుకూ, సుదేష్ణ ఆరో తరగతిలో పారేసుకున్న చెవిదుద్దూ బయటపడ్డాయి. మస్తాన్ ఎండిన పేస్టు గీకేసి కొత్తది బియ్యపుగింజంత పెట్టాడు. ర్యామ్ గుచ్చాడు. పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి దింపాడు. ఒక్కో గీత దిగుతున్నప్పుడల్లా సుదేష్ణ వేళ్ళ మెటికలు విరుచుకుంది. మొత్తం దిగాక, "బజారు క్షేమమేనమ్మా, ఒక్క చేప కూడా పోలేదు" అన్నాడు.

నాలుగు వేలూ భీమశంకరమే ఇచ్చాడు, ఆ జేబులోంచే.

స్విచ్చి నొక్కారు. భీమశంకరం అలవాటు కొద్దీ కాఫీకి లేచి, ఒక కాలు చెప్పులో పెట్టాడు. రెండో కాలు పెట్టేలోగా తెర వెలిగిపోయింది.

"అప్పుడే?" అన్నాడు, ఒంటికాలి మీద.

"తండ్రింటి భోజనం సార్" అన్నాడు మస్తాన్.

సుదేష్ణ ఆ షాపులోనే, పాడైన ప్రింటర్ల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. ఇప్పుడు స్తంభం జరగమంటే జరిగింది. పైకప్పు ఎత్తమంటే ఎత్తుకుంది. చేపలు కడిగిన నీళ్ళు పోయే కాలవ రెండు రోజుల్లో మూడుసార్లు మార్చింది. ముప్ఫయ్యో తారీకు నాలుగూ నలభైకి బొమ్మలన్నీ కాలేజీకి వెళ్ళిపోయాయి. ఆమె స్టూలు మీంచి దిగి, తండ్రి ఒళ్ళోంచి కాజాల పొట్లం తీసుకుని, ఒకటి ఆయన నోట్లో పెట్టింది. ఇరవై రోజుల తర్వాత అదే మొదటి మాట.

*

కథ ఇక్కడితో కంచికెళ్ళాలి. కానీ ఫైళ్ళు ఏ ఊరూ వెళ్ళవు, పైకి వెళ్తాయి.

ఒకటో తారీకున పెద్దాయన విధుల్లో చేరాడు. నెలాఖరు నివేదికలు, ప్రతినెలా పన్నెండు రోజులు పట్టేవి, పదకొండు నిమిషాల్లో కలిపి కుట్టి పెట్టేశాడు. ఆఫీసంతా గోడగడియారం వైపు చూసింది. మిగతా పదకొండు రోజులూ ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. దైవాధీనం అత్యవసర సమావేశం పిలిచాడు. పరిపూర్ణానందం గారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, ఇంతటి వేగము శాఖకు ప్రమాదకరము. పన్నెండు దినముల పనిని పదకొండు నిమిషములలో ముగించు ఉద్యోగికి ఇకపై పని అప్పగించరాదు. అట్టివారిని అధికారిని చేయుట మన శాఖ సంప్రదాయము."

అలా ఓగిరాల పెద్దాయన సూపరింటెండెంటు అయ్యాడు, గృహ విభాగానికి. అటెండరు వచ్చి లక్కముద్రలు తీసేశాడు. అధికారులకి ముద్రలుండవు, వాళ్ళే వేస్తారు. శాలువా కప్పారు. గృహ విభాగంలో ఉన్న సిబ్బంది ఒక్కరే. ఆయన పేరు భీమశంకరం. తొమ్మిదేళ్ళుగా అదే ప్రమోషను కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఆ ఫ్యానుకి శాలువా అడ్డం పెట్టకండి, మళ్ళీ వేడెక్కుద్ది" అని మాత్రం అన్నాడు ఆయన.

పన్నెండో తారీకున విశాఖపట్నంలో సుదేష్ణ తన బజారు గురించి పరీక్షకుల ముందు చెప్పాలి. తల్లిదండ్రులు రావచ్చునన్నారు. హార్బరు నుంచి చేపలమ్మే ఆడవాళ్ళని కూడా ఇద్దరిని రమ్మంది. "నువ్వు ముందు వరసలో కూర్చోవాలి నాన్నా" అని రెండుసార్లు చెప్పింది. భీమశంకరం ఒక్కరోజు సెలవడిగాడు. పదకొండు సాయంత్రం దైవాధీనం ఆ కాగితం తిరిగిచ్చేశాడు.

"నాకు కాదండి ఇది. మీ పైఅధికారికి పెట్టుకోవాలి. మీ ఇంట్లోనే ఉన్నారు కదా."

"ఆయన సంతకం ఎలా పెడతాడండి?"

"పెట్టరండి. అధికారులు వెంటనే ఎక్కడ పెడతారు. అడగడం మన ధర్మం. అనుమతి లేకుండా వెళ్ళారో, సర్వీసుకి బ్రేకు పడిపోద్ది."

పన్నెండో తారీకు పొద్దున్న ఆరున్నర. బస్సు ఏడింటికి. కనకవల్లి టిఫిను డబ్బా సంచిలో పెట్టేసింది. సుదేష్ణ నీలంరంగు చుడీదారు వేసుకుని, దొరికిన చెవిదుద్దుకి జత వెతికి పెట్టుకుని, బొమ్మల గొట్టం భుజానికి తగిలించుకుని హాల్లోకి వచ్చింది.

భీమశంకరం ఇస్త్రీ చొక్కాతో కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. చేతిలో సెలవు చీటీ ఉంది. తెర మీద చక్రం తిరుగుతోంది, దాని కింద రాసి ఉంది: నవీకరణ జరుగుతున్నది, పన్నెండు శాతం పూర్తి, దయచేసి ఆపవద్దు.

"ఏవండీ, అలా నించున్నారేంటి?" అంది కనకవల్లి.

"సారు మీటింగులో ఉన్నారే" అన్నాడు భీమశంకరం, గొంతు తగ్గించి.

"ఎంతసేపయింది?"

"అరగంట. ఇందాక పదకొండుండేది."

సుదేష్ణ తెర చూసింది, గడియారం చూసింది, తండ్రి చేతిలోని చీటీ చూసింది. ఫోను తీసింది.

"మస్తాన్ గారూ, మీ అబ్బాయి మీటింగులోంచి లేవట్లేదండి."

ఫోన్లోంచి నవ్వు వినపడింది. "ముందరున్న స్విచ్చి నొక్కి పట్టుకోమ్మా. అయిదు లెక్కపెట్టు. ఏం కాదు, సాయంత్రం వచ్చాక నేను చూసుకుంటాలే."

సుదేష్ణ తండ్రి వేలు పట్టుకుని ఆ స్విచ్చి మీద పెట్టింది. భీమశంకరం ఒకసారి గోడకేసి చూశాడు. లక్కముద్రలు పోయినా ఉత్తర్వు అక్కడే ఉంది. తర్వాత కూతురి చెవిదుద్దు చూశాడు. నొక్కాడు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

అధికారి నిశ్శబ్దంగా ఆరిపోయాడు. ఆకాశం ఊడిపడలేదు. వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది, అంతే.

భీమశంకరం చీటీ మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని బయల్దేరాడు. ముప్ఫై ఏళ్ళలో ఎందరు అధికారుల బల్లల ముందు అలా నిలబడ్డాడో లెక్క లేదు. అయిదు అంకెలు లెక్కపెడితే చాలని, ఆ స్విచ్చి ముందువైపే ఉంటుందని, ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదు.